బొమ్మ సైనికుడి భయం

చదరంగంలో గుర్రం వెళ్లి బంటు మీద పడిందంటే బంటు చచ్చినట్టే. బంటు ఎదురుతిరగదు, బెదిరి పారిపోదు. గుర్రమూ సగం దారిలో వెనకాడదు. బొమ్మ సైనికులతో బల్ల మీద ఆడే యుద్ధక్రీడలు ఈ నిశ్చయాన్ని కొంచెం కొంచెంగా వదులుకుంటూ వచ్చాయి. శత్రువు మీదికి ఉరికి బాహాబాహీ తలపడే ఘట్టాన్ని ఆటగాళ్లు ‘చార్జ్’ అంటారు. దానికోసం రాసుకున్న నియమాలను వరసగా చూస్తే, అవి కత్తి పదునుకన్నా గుండె నిబ్బరాన్నే కొలవాలని చూశాయని అర్థమవుతుంది.

ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్ 1824లో అచ్చువేయించిన ‘క్రీగ్‌ష్పీల్’ తలపడటాన్ని పాచికలకు వదిలింది. బలం ఎక్కువున్న పక్షానికి మొగ్గు ఉంటుంది కానీ గెలుపు రాసిపెట్టి ఉండదు. 1913లో ‘లిటిల్ వార్స్’ రాసిన హెచ్.జి. వెల్స్ పాచికలు పక్కనపెట్టి లెక్కను నమ్ముకున్నాడు. అండలేని చిన్న దళం మీద పెద్ద దళం పడితే, ఒకరికి ఒకరు చొప్పున చస్తూపోవాలి. ఒక పక్షం రెండోదానికి రెట్టింపు అయిన క్షణాన మిగిలినవాళ్లు బందీలు. తొమ్మిదిమంది మీద పదకొండుమంది పడితే చెరి ఏడుగురు పోతారు, మిగిలిన నలుగురికి ఇద్దరు చిక్కుతారు. కూడికలు తీసివేతలతో తేలే నియమమే ఇది. అయినా పోరును ముగించేది ఆఖరి చావు కాదు, ఇక లాభం లేదన్న గ్రహింపు.

ఆ గ్రహింపు తలపడకముందే కలుగుతుందని వాదించినవాడు ప్రష్యాతో జరిగిన 1870 యుద్ధంలో గాయపడి మరణించిన ఫ్రెంచి కల్నల్ ఆర్డాఁ దు పిక్. బాయినెట్ దాడుల్లో రెండు పక్షాలు నిజంగా ఢీకొనడం అరుదనీ, ఏదో ఒక పక్షం ముందే చెదిరిపోతుందనీ ఆయన తేల్చాడు. 1983లో ఇంగ్లండులో మొదలైన ‘వార్‌హామర్’ అనే బొమ్మ సైనికుల ఆట నియమాల్లో ఈ మాటకు రూపం కనిపిస్తుంది. మీదికి వస్తున్న దళాన్ని చూసి ఎదుటి దళం నిలబడవచ్చు, బాణాలు వేయవచ్చు, పారిపోవచ్చు. చాలాకాలం అందులో మామూలు మనిషి చార్జ్ ఎనిమిది అంగుళాలు. ముందుగా కొలవకూడదు, కంటితో అంచనా వేయాలి. తప్పితే దళం దారిలోనే ఆగిపోతుంది. 2010 కూర్పు కొలవనిచ్చింది కానీ, నాలుగు అంగుళాలకు రెండు పాచికల మొత్తం కలపమంది. శత్రువు పన్నెండు అంగుళాల్లో ఉంటే ఎనిమిదో అంతకుమించో పడాలి. ముప్పై ఆరు వేతల్లో అది పదిహేనింటికే దక్కుతుంది.

ఇది నేర్పును తీసేసి అదృష్టాన్ని కూర్చోబెట్టడమేనని ఒక ఆక్షేపణ. కానీ బల్ల మీద అంగుళాలు అంచనా కట్టడం దర్జీ నేర్పు, సేనాని నేర్పు కాదు. తన ఆజ్ఞ ఎంతదూరం నడుస్తుందో ఏ సేనానికీ ముందుగా తెలియదు. ఆక్షేపణలో నిజం లేకపోలేదు. పాచిక మీది మూడు, దళం ఎందుకు ఆగిందో చెప్పదు. అలసటా, బురదా, భయమా అన్నది ఊహకే వదిలేస్తుంది. ఇక వార్‌హామర్‌లాగా ఓర్క్‌లూ ఎల్ఫ్‌లూ వంటి కల్పిత జాతులు కొట్టుకునే ఆటకు చరిత్రతో పనేమిటన్నది రెండో ఆక్షేపణ. దానికి జవాబు ఆ నియమాల్లోనే ఉంది. బెదరని, పారిపోని సేనకోసం వార్‌హామర్‌లో ప్రత్యేక నియమాలు రాయవలసి వచ్చింది. ఆ సేనలో ఉన్నవి లేచివచ్చిన శవాలు, ఎముకల గూళ్లు.