సూదికి మార్కులెన్ని?

మన ఇళ్ళల్లో పిల్లల చదువుల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక మాట వినపడుతూంటుంది. "సరదా పడుతోంది, నేర్చుకోనివ్వండి పాపం. చదువుకి అడ్డం రాకుండా ఉంటే చాలు" అని. ఈ సరదాల పద్దులో ఏమేముంటాయో మీకు తెలుసు. సంగీతం, బొమ్మలు వెయ్యడం, కుట్లు, అల్లికలు, వంట, తోటపని. చదువు పద్దులో లెక్కలు, సైన్సు. నాలాంటి ఆర్ట్స్ వాళ్ళు ఈ రెండింటికీ మధ్య ఎక్కడో త్రిశంకు స్వర్గంలో వేలాడుతూంటాం. "అయ్యో, సైన్సులో సీటు రాలేదా?" అనే పరామర్శలు విన్నదాన్ని కాబట్టి, ఈ రెండు పద్దుల మధ్య గీత ఎవరు గీశారో తెలుసుకోవాలని నాకు ఎప్పటినుంచో కుతూహలం.

వెతికితే కథ 1857 దాకా వెళ్ళింది. ఆ సంవత్సరం మద్రాసు విశ్వవిద్యాలయం వెలిసింది. లోపలికి వెళ్ళాలంటే మెట్రిక్యులేషన్ పరీక్ష ప్యాసవ్వాలి. కాలేజీ గుమ్మం దగ్గర పెట్టిన ఆ పరీక్షే క్రమంగా హైస్కూలు చదువుకి పరమావధి అయి కూర్చుంది. అందులో అడిగేదే చదువు, అడగనిది కాలక్షేపం!

ఇదేం బాగాలేదని దొరలకీ తోచకపోలేదు. 1882లో హంటర్ అధ్యక్షతన వేసిన విద్యా కమిషన్, హైస్కూలు పై తరగతుల్లో రెండు దారులుండాలని చెప్పింది. ఒకటి విశ్వవిద్యాలయానికి పోయేది. రెండోది వర్తకానికీ, చేతిపనులకీ, బతుకుతెరువుకీ పనికొచ్చేది. వినడానికి ఎంత బాగుంది! కానీ రెండో దారిన నడిచినవాళ్ళు బహు కొద్దిమంది. ఎందుకు నడుస్తారు? సర్కారు ఉద్యోగమైనా, ప్లీడరు పట్టా అయినా దొరికేది మొదటి దారి చివరే కదా! తండ్రులు అమాయకులేం కాదు. సలహా ఎవరిచ్చారని చూడరు, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూస్తారు.

ఆ కమిషనే ఆడపిల్లల సంగతి కూడా ఆలోచించింది. వాళ్ళకి మగపిల్లల చదువు అక్కర్లేదు, కాస్త తేలిగ్గా, ఇంటికి పనికొచ్చేలా ఉంటే చాలునంది. ఇక్కడే సూది మన చేతికొచ్చింది. మనం కోరుకుంటే వచ్చింది కాదు, ఆడపిల్లగా పుట్టినందుకు వచ్చింది. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

పరీక్షలకి పట్టని విద్యలు బయట తమ దారి తాము చూసుకున్నాయి. 1910లో బందరులో కోపల్లె హనుమంతరావుగారూ, ముట్నూరి కృష్ణారావుగారూ, పట్టాభి సీతారామయ్యగారూ కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకంతో పాటు చేతిపనికీ, చిత్రకళకీ అక్కడ పీట వేశారు. బెంగాలు నుంచి ప్రమోదకుమార్ ఛటర్జీ వచ్చి బొమ్మలు నేర్పారు. ఆయన దగ్గర కుంచె పట్టినవారే మన అడివి బాపిరాజుగారు. ఇక రాజమండ్రిలో కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, దామెర్ల రామారావులోని చిత్రకారుణ్ణి కనిపెట్టి, బొంబాయి జె.జె. స్కూలుకి వెళ్ళడానికి సాయం చేశాడు. రామారావు తిరిగొచ్చి, రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి, ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో మశూచితో పోయాడు. ఆయన బొమ్మలు ఈనాటికీ అక్కడి ఆర్టు గ్యాలరీలో ఉన్నాయి. అయితే ప్రతి పిల్లవాడికీ ఒక కూల్డ్రే దొరకడు కదా! అదృష్టం మీద ఆధారపడకుండా ఉండడానికే బడి అనేది పెట్టుకున్నాం.

గాంధీగారు 1937 అక్టోబరులో వార్ధాలో సభ పెట్టి, అసలు చదువంతా ఒక చేతిపని చుట్టూ అల్లాలన్నారు. రాట్నం తిప్పుతూ లెక్కలు, నేత నేస్తూ భూగోళం. జాకీర్ హుస్సేన్ గారి కమిటీ దానికి పాఠ్యప్రణాళిక తయారు చేసింది. దేశంలో చాలాచోట్ల బేసిక్ స్కూళ్ళు వచ్చాయి. కానీ పిల్లవాడి కోసం ఏ బడి వెతికారని ఆ రోజుల్లో పెద్దమనుషుల్ని అడిగితే, ఎక్కువమంది మామూలు హైస్కూలు పేరే చెప్పి ఉంటారు. రాట్నం ఊళ్ళో పిల్లలకి, ఇంగ్లీషు మన పిల్లలకి!

తర్వాత 1953లో మద్రాసు రాష్ట్రంలో ఒక వింత జరిగింది. ముఖ్యమంత్రి రాజాజీ, ప్రాథమిక పాఠశాలల్లో బడివేళలు తగ్గించి, మిగతా పూట పిల్లలు ఇంటిపట్టున తండ్రి చేసే వృత్తి నేర్చుకోవాలని పథకం పెట్టారు. చాకలి కొడుక్కి చాకిరేవు, కుమ్మరి కొడుక్కి సారె. 'కులవిద్య పథకం' అని పేరుపెట్టి జనం తిరగబడ్డారు. 1954లో రాజాజీ పదవి వదిలారు, తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశారు. జనానికి పనంటే కోపం వచ్చిందా? నాకలా అనిపించదు. పుట్టుకను చూసి పని అంటగడితే వచ్చిన కోపం అది. ఆడపిల్ల చేతికి సూది ఇచ్చిందీ, కుమ్మరి పిల్లవాడికి సారె ఇచ్చిందీ ఒకే న్యాయం. ఒకదానికి దేశం భగ్గుమంది. రెండోదానికి మనం కుట్టుపెట్టె కొనిపెట్టాం.

అదే 1953లో లక్ష్మణస్వామి మొదలియారు గారి కమిషన్ మరో మాట చెప్పింది. హైస్కూలు పిల్లలకి ఏడు దారులుండాలంది: మానవశాస్త్రాలు, సైన్సు, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం. మల్టీపర్పస్ హైస్కూళ్ళు పుట్టింది ఇందులోంచే. పాతకాలం వాళ్ళ నోట ఈ పేరు ఇప్పటికీ వినపడుతుంది. ఊహ గొప్పదే. వర్కుషాపుకి పనిముట్లేవీ? చెప్పే పంతుళ్ళేరీ? వాళ్ళని తయారు చేసే ప్రత్యేక కాలేజీలు మైసూరు, భోపాల్, భువనేశ్వర్, అజ్మీర్‌లలో వచ్చేసరికి 1963. పెళ్ళి అయిన పదేళ్ళకి పందిరి వేసినట్టు! కొద్దికాలానికే, 1966లో కొఠారీ కమిషన్ ఈ చీలికలు వద్దు, పదో తరగతి దాకా అందరికీ ఒకే చదువు, దానితో పాటు పని అనుభవం అంది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ దానికి 'సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక శ్రమ' అని బారెడు పేరు పెట్టింది. టైంటేబుల్లో చోటూ ఇచ్చింది. ఆ పీరియడుని లెక్కల మాష్టారు అడిగి పుచ్చుకుంటే కాదనేవాళ్ళెవరు?

ఈ కథలో నాకు నచ్చిన ఘట్టం 1964లోది. హంసా మెహతా గారి కమిటీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ వేరువేరు చదువులుండాలా అన్న ప్రశ్నకి జవాబిచ్చింది. ఇవి ఆడ సబ్జెక్టులు, ఇవి మగ సబ్జెక్టులు అన్న విభజన తగదంది. ఎనభై ఏళ్ళ క్రితం పుట్టుకని చూసి ఇచ్చిన సూదిని, కావాలనుకున్నవాళ్ళు ఎంచుకునే వస్తువుగా మార్చిందన్నమాట, కనీసం కాగితం మీద!

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఈ సూత్రాన్ని కమిటీలకంటే ముందే ఆచరణలో పెట్టారనిపిస్తుంది. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభలో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారు చేశారు, చేతిపనులూ నేర్పారు. కుట్టు నేర్చుకుంటావా, పరీక్షకి కూర్చుంటావా అన్న బేరం అక్కడ లేదు. సర్టిఫికెట్టు లేని పని చవగ్గా పోతుందని ఆవిడకి బాగా తెలుసు.

మన ప్రభుత్వ పరీక్షల్లోనే ఇందుకు రుజువుంది. డ్రాయింగు, టైలరింగు, చేనేతల్లో లోయర్, హయ్యర్ పరీక్షలు ఏనాటినుంచో ఉన్నాయి. అవి ప్యాసై, ఎండాకాలంలో నలభై రెండు రోజుల టీ.టీ.సీ. శిక్షణ పొంది, కుట్టు టీచరుగా, డ్రాయింగు టీచరుగా ఇల్లు నిలబెట్టుకున్న ఆడవాళ్ళు ఊరికొకరైనా మీకు ఎదురవుతారు. అదే టాకా, అదే కాజా. ఒకరిది 'సరదా', ఒకరిది జీతం. మధ్యలో ఉన్నది పరీక్ష కాగితం.

ఇప్పటి సంగతేమిటంటారా? 2020 జాతీయ విద్యావిధానం కళలకీ సైన్సుకీ, పుస్తకానికీ వృత్తికీ మధ్య గట్టి గోడలు ఉండకూడదని చెప్పింది. కేంద్ర బోర్డులో పదో తరగతికి చిత్రకళ, సంగీతం, గృహవిజ్ఞానం లాంటివి ఎంచుకునే వీలుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మాత్రం ప్రధానంగా మూడు భాషలు, లెక్కలు, సైన్సు, సోషలే. కళకీ పనికీ బడిలోనే గ్రేడు వేస్తారు.

కాబట్టి మీ అమ్మాయో అబ్బాయో అలాంటి సబ్జెక్టు అడిగితే, వెంటనే "సరే" అనకండి, "వద్దు" అని కూడా అనకండి. ఈ నూట అరవై ఏళ్ళు పైబడిన కథ నేర్పిన ప్రశ్నలు కొన్ని అడగండి. నేర్పే టీచరు ఆ బడిలో నిజంగా ఉన్నారా? పనిముట్లున్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? రేపు చేరబోయే చోట ఆ మార్కులు లెక్కలోకి తీసుకుంటారా? తేలిక అని అడుగుతోందా, ఇష్టమై అడుగుతోందా? తేలిక అనుకుంటే మాత్రం భ్రమ తొలగించండి. సరళీవరసలైనా, పెన్సిలు గీతలైనా రోజూ గంటలు తినేస్తాయి.

ఇంకొకటి, ఇది పిల్లల్ని కాదు, మనల్ని మనం అడగాల్సింది. అమ్మాయి హోంసైన్సు అడిగితే మురిసిపోయి, అబ్బాయి అడిగితే ముఖం మాడ్చుకుంటామా? అబ్బాయి వడ్రంగం అడిగితే ఫరవాలేదనుకుని, అమ్మాయి ఉలి పట్టుకుంటానంటే నవ్వుతామా? కమిటీవాళ్ళు 1964లోనే ఈ పాఠం పూర్తి చేశారు. మన వంటింట్లో ఇంకా సిలబస్ మారాల్సి ఉంది.