నేరానికి ముందున్న బాల్యం

ధర్మపురి నరసింహస్వామి సన్నిధిలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. తప్పు చేసినవాడికి దండన తప్పదన్న నమ్మకం అక్కడ పూజలందుకుంటోంది. ఆ నరసింహస్వామి కథ మాత్రం దండన ఓడిపోయిన కథ. ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండగా నారదుడి నోట విన్నది అతనిలో నిలిచిపోయింది. చండామార్కుల చదువు గానీ, తండ్రి పంపిన ఏనుగులూ పాములూ గానీ దాన్ని చెరపలేకపోయాయి. పసితనంలో పడిన ముద్ర గట్టిదని మన జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అని తరతరాలుగా అంటూనే ఉన్నాం. ఎవరి పిల్లల్ని, ఎవరు, ఏ పేరు పెట్టి వంచుతారన్న ప్రశ్ననే మనం సరిగా అడగలేదు.

ఆ ప్రశ్న అడగనందుకు ఏమైందో చరిత్రలో ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టింది. మద్రాసు రాజధానికీ వర్తించిన 1911 చట్టం ఆరేళ్లు దాటిన పిల్లల్ని కన్నవాళ్ల నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో పెట్టే అధికారం సర్కారుకిచ్చింది. 1913లో బాపట్ల దగ్గర ఎరుకల కుటుంబాల కోసం మొదలై, క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం సెటిల్మెంటు ఈ ఆలోచన నుంచి పుట్టిందే. అక్కడ భూమి దొరికింది, బడి దొరికింది. ఆ మేలును కాదనలేం. కానీ దానితోపాటే ముద్రా పడింది. 1952లో చట్టం రద్దయినా, 1991లో వచ్చిన సినిమా టైటిల్లో ఆ ఊరి పేరుకు పోలీస్ స్టేషనే తోడైంది. గోదావరికి ఉత్తరాన ఆదిలాబాదులో జరిగింది వేరు. 1940లో కుమ్రం భీం తిరుగుబాటును తుపాకులతో అణచిన నిజాం ప్రభుత్వమే, మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ సలహాతో 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలుపెట్టింది. పిల్లలు తమ వాళ్ల మధ్యనే, గోండీలోనే అక్షరాలు దిద్దారు. అది నేర నివారణ పథకం కాదు కదా అనవచ్చు. నిజమే, పిల్లవాణ్ని రేపటి నేరస్థుడిగా చూడకపోవడమే దాని బలం.

నేరాలు ఆపడానికి పిల్లలందరి మీదా ఖర్చెందుకు, దారి తప్పేవాళ్లను ముందే గుర్తిస్తే చాలదా అనేవాళ్లున్నారు. అలా గుర్తించే పనినే నేరస్థ తెగల చట్టం ఎనభై ఏళ్లు చేసింది. అమెరికాలోని మిషిగన్‌లో 1962లో మొదలైన పెర్రీ బడి ప్రయోగం కూడా 123 మంది పేద పిల్లల్ని ఎంచుకుని, పోల్చి చూడటానికి వాళ్లలో కొందరినే బడికి పంపిన మాట వాస్తవం. అయితే వాళ్లను ఇంటి నుంచి వేరు చేయలేదు. టీచరే వారం వారం తల్లి దగ్గరికి వెళ్లింది. నలభై ఏళ్ల వయసు వచ్చేసరికి ఐదు లేదా అంతకన్నా ఎక్కువసార్లు అరెస్టయినవాళ్లు బడికి వెళ్లినవాళ్లలో 36 శాతం, వెళ్లనివాళ్లలో 55 శాతం. ఒక్క ఊరి లెక్క అన్నిచోట్లా నిలవకపోవచ్చు. అయినా 1975 అక్టోబర్ 2న 33 బ్లాకుల్లో మొదలైన అంగన్‌వాడీ పథకం నడిచేది ఆ దారిలోనే: తల్లీ బిడ్డా కలిసే లెక్కలోకి వస్తారు, తిండీ టీకా ఆటా అక్కడే అందుతాయి. దాన్ని పోలీసు జాబితాలతో ఎన్నడూ ముడిపెట్టకూడదు.