హైదరాబాదు వేసవి: నాడు, నేడు

రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. మే నెల చివరి వారమున ప్రవేశించి జూన్ మొదటి వారము వరకు సాగు ఆ కార్తె ఎండలు తెలుగువారికి క్రొత్తవి కావు. అయినను 2015 మే నెలను మరచుట సులభము కాదు. ఆ వేసవి వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,700 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా మరణించినట్లు ప్రభుత్వపు లెక్కలు తెలిపినవి.

ఇందు గమనింపదగిన విశేషమొకటి గలదు. బేగంపేట వాతావరణ కేంద్రపు లెక్కల ప్రకారము హైదరాబాదున నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీల సెంటీగ్రేడు. అది 1966 జూన్ 2వ తేదీ నాటిది. 2015లో తెలంగాణలోని కొన్ని పట్టణములు 47 డిగ్రీలను చేరినను, నగరమున ఆ పాత రికార్డు చెక్కుచెదరలేదు. కనుక వేసవి తీవ్రతను పగటి గరిష్ఠపు అంకె ఒక్కటియే చెప్పజాలదు. ఆ అంకె చెప్పనిదేమో తెలియవలెనన్న ఈ గాలిని, ఈ నీటిని, ఈ నేలను గూర్చి కొంత తెలిసికొనవలెను.

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున, దక్కను పీఠభూమిపై నున్నది. సముద్రపు గాలి ఇంతదూరము రాదు. మే నెలలో వాయవ్యము నుండి, రాజస్థాను, మధ్యప్రదేశ్, విదర్భల మీదుగా పొడిగాలి వీచును. నేలలో తడి యున్నచో సూర్యుని వేడిమిలో కొంత ఆ తడిని ఆవిరి చేయుటకే వ్యయమగును. తడి లేనిచో ఆ వేడిమి యంతయు నేలను, నేలను తాకిన గాలిని కాల్చును. కోస్తాలో కష్టము వేరు. అక్కడ పడమటి గాలి బలమునకు సముద్రపు గాలి ఆలస్యమగును. తేమ వలన చెమట ఆరదు, శరీరము చల్లబడదు. ఇట్టి దినములు వరుసగా వచ్చి, నడుమ ఒక ఉరుముల జల్లైనను పడనిచో, నేటి వేడి రేపటి వేడికి మొదలగును. 2015 మే రెండవ సగమున జరిగినది ఇదియే. ఆ యేడు ఋతుపవనములు కేరళను తాకుసరికి జూన్ 5వ తేదీ యైనది.

మేము రేడియోలో చదువు ఉష్ణోగ్రత నీడలో కొలిచినదని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. తెల్లరంగు వేసి, గాలి ఆడుటకు రెక్కల తలుపులు అమర్చిన కొయ్యపెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున ఉష్ణమాపకము నుండును. ఎండ దానిపై పడదు. మైదాన ప్రాంతములలో ఆ నీడలోని ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, సగటుకంటె 4.5 డిగ్రీలు మించినచో వడగాలి యని వాతావరణ శాఖ ప్రకటించును. తారురోడ్డుపై, ఇనుప సలాకల నడుమ పనిచేయువాడు అనుభవించు వేడి ఆ అంకెలో లేదు.

మన పూర్వులకు ఉష్ణమాపకము లేకున్నను వేసవిని ఎదుర్కొను ఉపాయము తెలియును. వారి మొదటి ఉపాయము చెరువు. గోలకొండ ప్రభువు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 16వ శతాబ్దిలో, హుస్సేన్‌సాగరు వెలసినది. నేటి మాదాపూరు, జూబిలీహిల్సుల నడుమ కొండరాళ్ల చాటున నున్న దుర్గం చెరువు గోలకొండ కోటకు నీరిచ్చినదని ప్రసిద్ధి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసెను. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సూచనలపై 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. వరదను ఆపుటకు కట్టిన ఆ జలాశయములే అనేక వేసవులలో నగరపు దాహము తీర్చినవి.

దుర్గం చెరువు ప్రక్కనే మరియొక కథ ప్రారంభమైనది. 1998 నవంబరు 22న ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిరి. బండలు, తుమ్మలు, సీతాఫలపు పొదలు గల ఆ ప్రాంతము హైటెక్ సిటీగా మారినది. మాదాపూరు నుండి గచ్చిబౌలి వరకును, దాని నావలను అద్దపు మేడలు లేచినవి. వేలకొలది యువకులకు జీవనోపాధి దొరకినది. ఈ అభివృద్ధి సామాన్యమైనది కాదు.

కాని నేల స్వభావము మారినది. మట్టి, చెట్టు ప్రొద్దు గ్రుంకగనే త్వరగా చల్లబడును. కాంక్రీటు, తారు పగలు త్రాగిన వేడిని రాత్రి మెల్లమెల్లగా విడుచును. శీతలయంత్రములు గదిలోని వేడిని వీధిలోనికి నెట్టును. లోనివారికి చల్లదనము, వెలుపలివారికి అదనపు సెగ. రాత్రి చల్లబడనిచో పగలు అలసిన దేహము కోలుకొనదు. కనుక కనిష్ఠ ఉష్ణోగ్రత యును ప్రాణములకు సంబంధించిన అంకెయే.

నీటి సంగతియు నట్టిదే. 2014, 2015 సంవత్సరములలో దేశమున నైరుతి ఋతుపవనముల వర్షము సగటుకంటె వరుసగా 12, 14 శాతము తగ్గినది. 2016 వేసవి నాటికి సింగూరు, మంజీర జలాశయములు ఎండినవి, జంటసాగరములును అడుగంటినవి. నాగార్జునసాగరు నుండి కృష్ణ నీరు, 2015 చివర యల్లంపల్లి నుండి వచ్చిన గోదావరి నీరు నగరమును ఆదుకొన్నవి. నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము నుండి గొట్టములలో వచ్చు నీటిపై ఇంతటి నగరము ఆధారపడవలసి వచ్చినది.

వడదెబ్బ మరణములు అనివార్యములు కావు. 2010 మే నెలలో వడగాడ్పులకు గురియైన అహమదాబాదు నగరము 2013లో ఒక వేసవి కార్యప్రణాళికను అమలుపరచినది. ముందస్తు హెచ్చరిక, వైద్యసిబ్బందికి శిక్షణ, త్రాగునీటి ఏర్పాటు అందలి ముఖ్యాంశములు. 2015 తరువాత తెలుగు రాష్ట్రములును అట్టి ప్రణాళికలను సిద్ధము చేసికొన్నవి. చలివేంద్రము మనకు క్రొత్తది కాదు. దానికి పనివేళల మార్పును, నీడను చేర్చుటయే కావలసినది.

అద్దపు మేడల ద్వారమువద్ద నిలుచు కాపలాదారు, ద్విచక్రవాహనముపై భోజనము తెచ్చు యువకుడు, ఆ మేడలను కట్టు కూలీ, వీరికి మిట్టమధ్యాహ్నము నీడలో విశ్రాంతియు, మజ్జిగయో నీరో దొరకునట్లు చూచుట యజమానుల విధి, గృహస్థుల విధి. ఎండలో తిరిగినవాని చర్మము కాలిపోవుచు, మాట తడబడినచో అది వడదెబ్బ యని గ్రహింపవలెను. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, తడిగుడ్డతో ఒడలు తుడిచి విసరవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. 108కి కబురు చేయవలెను. బండి వచ్చులోపల గడచు ఆ కొద్ది నిమిషములలో చేయు చల్లార్పే ప్రాణమును నిలుపును.