రహస్యపు ఓటు: పుట్టుపూర్వోత్తరములు

ఓటుహక్కు చరిత్రను వ్రాయువారు సాధారణముగా ఆ హక్కు ఎవరికి, ఎప్పుడు లభించినదను విషయమునే విస్తరించి వ్రాయుదురు. మొదట ఆస్తిపరులకు, పిదప కార్మికులకు, అటుపిమ్మట స్త్రీలకు, తుదకు వయోజనులెల్లరకును అది సంక్రమించిన క్రమము పాఠ్యగ్రంథములలో సుప్రసిద్ధము. కాని లభించిన హక్కును బలవంతుని కంటి యెదుట వినియోగింపవలసి వచ్చినంతకాలము అది బలహీనునికి ఆపదగానే పరిణమించినదనియు, ఓటును చాటున వేయు పద్ధతి యేర్పడిన పిదపనే అది అతని సొత్తయినదనియు నా దృఢవిశ్వాసము. ఓటు ఎవరికున్నదను ప్రశ్నకంటె, వేయునపుడు ఎవరు చూచుచున్నారను ప్రశ్నయే ఎక్కువ నిజమును బయటపెట్టును.

ఈ యూహ ప్రాచీనమైనదే. క్రీస్తుపూర్వము 139వ సంవత్సరమున రోమన్ ప్రజలు గబీనియసు చట్టముచే అధికారుల యెన్నికలలో నోటిమాటకు మారుగా పలకలపై వ్రాసి ఓటు వేయు హక్కును పొందిరి. ఇరువది యేండ్ల పిదప మేరియసు అను నాయకుడు ప్రజల పక్షమున పనిచేయు ట్రిబ్యూను అను అధికారిగా నున్నపుడు, ఓటర్లు పెట్టెకడకు నడచిపోవు వంతెనలను ఇరుకు చేయించెను. ప్రక్కన నిలిచి పలకలలోనికి తొంగిచూచు పెద్దమనుష్యులకు తావు లేకుండ చేయుటకే ఆ యేర్పాటు. రోమన్ రిపబ్లిక్కు అంతరించుటతో ఆ యాచారమును కాలగర్భమున కలిసెను.

ఆధునిక కాలమున ఈ వివాదమునకు ప్రధానరంగము ఇంగ్లండు. 1832 నాటి సంస్కరణ చట్టము, ఊరన్నది లేక మిట్ట మాత్రమే మిగిలిన ఓల్డ్ సారమ్ వంటి స్థలములు పార్లమెంటునకు ఇద్దరేసి సభ్యులను పంపు దురాచారమును రూపుమాపి, మధ్యతరగతి గృహస్థులకు ఓటొసగెను గాని, ఓటు వేయు విధానము జోలికి పోలేదు. ఊరి నడుమ కొయ్యలతో వేదిక కట్టుదురు. ఓటరు అచ్చటికి వచ్చి, గుమిగూడిన జనము వినుచుండగా తాను కోరినవాని పేరు ఎలుగెత్తి చెప్పును. గుమాస్తా దానిని పుస్తకమున వ్రాసికొనును. ఆ పుస్తకములను పిదప అచ్చొత్తించి అమ్ముచుండిరి. కమ్మరి ఎవరికి వేసెను, రొట్టెల వర్తకుడెవరికి వేసెను, కౌలురైతెవరికి వేసెను అను సంగతి అందు పేరుపేరున కానవచ్చుచుండెను. భూస్వామి బెదరింపు నోట పలుకనక్కరలేదు. ఆ పుస్తకము ఆయన బల్లపై నుండుటయే చాలును. లంచమిచ్చినవాడును తన సొమ్ము ఫలించినదో లేదో దానిని చూచియే తేల్చుకొనుచుండెను.

ఈ దురవస్థను తొలగింపవలెనని చరిత్రకారుడైన జార్జి గ్రోటు 1833 మొదలు 1839 వరకు పార్లమెంటులో పలుమారులు తీర్మానములు ప్రతిపాదించి ఓడిపోయెను. 1838లో కార్మికోద్యమకారులైన చార్టిస్టులు ప్రకటించిన ఆరు కోరికలలో రహస్యపు ఓటు ఒకటి. వారిని పాలకులు విద్రోహులుగా చూచిరి. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయమేమన, స్వేచ్ఛను గూర్చి అంత గంభీరముగా వ్రాసిన జాన్ స్టూవర్ట్ మిల్లు సైతము 1861లో వెలువరించిన ప్రాతినిధ్య ప్రభుత్వ గ్రంథమున దీనిని వ్యతిరేకించెను. ఓటు ఒకని సొంత ఆస్తి కాదనియు, తోటిప్రజల మేలుకొరకు అతనియందుంచబడిన నిక్షేపమనియు, కావున దానిని లోకమెరుగ వేయవలెననియు ఆయన వాదము. ఆయన తండ్రియైన జేమ్స్ మిల్లు మాత్రము రహస్యమును సమర్థించినవాడు. కుమారుని వాదమున ఔన్నత్యము గలదని నేనును అంగీకరింతును. కాని లోకము చూచుట వేరు, భూస్వామి చూచుట వేరు. ఓటరును పరికించు వేయి కన్నులలో అతనిని ఇల్లు వెడలగొట్టగల శక్తి గలవి రెండు కన్నులు మాత్రమే, ఆ రెండింటికి భయపడియే అతడు నోరు తెరచుచుండెను.

ఇది కేవల తర్కము కాదని 1868 ఎన్నికల పిదప వేల్స్ దేశము నిరూపించెను. కార్డిగన్, కార్మార్థెన్ మండలములలో తమ దొరల యిష్టమునకు మారుగా లిబరలు అభ్యర్థులకు ఓటు వేసిన కౌలుదారులు పలువురు తరతరములుగా సేద్యము చేసిన పొలములనుండి వెడలగొట్టబడిరి. వారిలో అనేకులు తమ ప్రార్థనామందిరములకు తప్ప మరి దేనికిని పెద్దగా విధేయులుగానుండి యెరుగని సామాన్య కృషీవలులు. వారికి ఓటొసగిన చట్టము, ఆ ఓటు వేసినందుకు వారు వీథిపాలగుచుండగా రక్షింపలేకపోయెను. ఈ సంగతి పార్లమెంటులో ప్రస్తావనకు వచ్చి, విచారణ సంఘము ఏర్పడి, చిరకాలము రహస్యపు ఓటును అంగీకరింపని ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ మనస్సును సైతము మార్చెను.

అప్పటికే ఈ సమస్యకు పరిష్కారము వేరొక ఖండమున సిద్ధమై యున్నది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా వలస రాజ్యమున విలియమ్ నికల్సన్ 1855 చివర ప్రతిపాదించిన తీర్మానము నెగ్గి మంత్రివర్గమునే పడగొట్టగా, హెన్రీ చాప్‌మన్ అను న్యాయవాది దానికి చట్టరూపము కల్పించెను. 1856 మార్చిలో అది శాసనమయ్యెను. కొలది దినములకే దక్షిణ ఆస్ట్రేలియాయు అదే మార్గము తొక్కెను. ఓటు పత్రమును ప్రభుత్వమే ఒకే తీరున అచ్చొత్తించుట, దానిని పోలింగు స్థలముననే ఓటరు చేతికిచ్చుట, ఒంటరిగా నిలిచి గుర్తు పెట్టుటకు మరుగైన గది యేర్పరచుట, ఈ మూడును అందలి ముఖ్యాంశములు. అమెరికాలో నాడు చీట్లు వాడుకలో నుండినను, వానిని పార్టీలే తమకు నచ్చిన రంగులలో ముద్రించుకొనుచుండుటచే, ఓటరు చేతిలోని కాగితము వీథి చివరినుండియే అతని పక్షమును చాటుచుండెను. కావున చీటి యొక్కటే చాలదు, చీట్లన్నియు ఒక్కతీరుగా నుండవలెననుట విక్టోరియావారు గ్రహించిన సూక్ష్మము.

ఇంగ్లండులో ప్రభువుల సభ 1871లో రహస్యపు ఓటు బిల్లును త్రోసిపుచ్చెను. మరుసటి సంవత్సరము జూలై 18న అది చట్టమయ్యెను. ఆగస్టు 15న యార్క్‌షైరులోని పాంటిఫ్రాక్టున జరిగిన ఉపయెన్నికలో తొలిసారి అది అమలు జరిగెను. ఆ యూరు అతిమధురపు బిళ్ళల తయారీకి ప్రసిద్ధము. ఓటు పెట్టెకు లక్కతో సీలు వేయుటకు ఆ బిళ్ళలపై నొత్తు ముద్రనే వాడిరి. ఆ పెట్టె నేటికిని ఆ యూరి మ్యూజియమున గలదు. నాడు గెలిచిన హ్యూ చైల్డర్స్, విక్టోరియాలో రహస్యపు ఓటు చట్టము పుట్టిననాడు అచ్చటి ప్రభుత్వమున ఉన్నతాధికారిగా నుండినవాడు. పదునారేండ్ల పిదప ఆ పద్ధతి ఆయనను వెదకికొనుచు స్వదేశమునకు వచ్చినట్లయినది.

మన తెలుగు సీమకు ఈ పద్ధతి బ్రిటిషు పాలనలోనే వచ్చినది గాని, నాడు ఓటరులు కొందరే. 1935 చట్టము క్రింద బ్రిటిషు ఇండియా యంతటను సుమారు మూడు కోట్లమందికి మాత్రమే ఓటుండెను. ఆస్తి, పన్ను, చదువు అందుకు కొలమానములు. 1937 ఎన్నికలలో మద్రాసు రాష్ట్రమున చదువురాని ఓటర్ల సౌకర్యార్థము రంగుల పెట్టెలను వాడిరి. కాంగ్రెసుది పసుపుపచ్చ పెట్టె. గాంధీ పేరును ఆ పెట్టె రంగును కలిపి ఊరూర ప్రచారము సాగెను. ఆ యెన్నికలో బొబ్బిలిలో జరిగినది మన చరిత్రలో మరువరానిది. అంతవరకు రాష్ట్ర ప్రధానమంత్రిగా నుండిన జస్టిస్ పార్టీ నాయకుడు బొబ్బిలి రాజా, తన జమీందారీలోనే, కార్మికనాయకుడైన వి.వి. గిరి చేతిలో ఓడిపోయెను. కాంగ్రెసు గాలి బలముగా వీచిన మాట నిజమే. అయినను వందలాది సంవత్సరములు దివాణము గడపకు దండములు పెట్టిన సీమలో, రాజావారి మనుష్యుల యెదుట నోటితో పేరు చెప్పవలసి యున్నచో ఆ ఫలితము సిద్ధించెడిదేనా? సిద్ధించెడిది కాదని నేను నిస్సంశయముగా చెప్పగలను.

స్వతంత్ర భారతమున 1951–52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలకు దాదాపు పదునేడు కోట్ల ముప్పది లక్షల ఓటరులు. వారిలో అత్యధికులు అక్షరము నెరుగనివారు. కావున ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్, అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు అను విధానమును ఎంచుకొనెను. ఆ ఉక్కు పెట్టెలను తయారుచేసిన కర్మాగారములలో హైదరాబాదు ఆల్విన్ ఒకటి. తెరచాటున వరుసగా నుంచిన పెట్టెలలో దేనిలో చీటి వేసినది ఇతరులకు తెలియదు. సాయుధపోరాటము అప్పుడే ముగిసిన నల్లగొండలో, దేశముఖుల పెత్తనమునకు ఎదురు నిలిచిన రావి నారాయణరెడ్డి పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటు పక్షమున మూడు లక్షలకు పైగా ఓట్లతో గెలిచెను. నెహ్రూకు వచ్చిన ఓట్లకంటె అవి అధికము. కాని ఆ పద్ధతిలో నొక లోపము గలదు. చీటిపై గుర్తేమియు లేకపోవుటచే, ఓటరు దానిని పెట్టెలో వేయక బయటకు తెచ్చి అమ్ముకొనవచ్చును. అందుచే 1962 సార్వత్రిక ఎన్నికలనాటికి, అభ్యర్థుల పేర్లును గుర్తులును గల ఒకే పత్రముపై ముద్ర వేసి, ఒకే పెట్టెలో వేయు విధానము అమలయ్యెను.

ఇంతటితో ఓటరు రహస్యము భద్రమైనదని తలచితిమి. ఓటు వేయ నిరాకరించినవాని రహస్యము సైతము కాపాడవలసినదేనని 2013లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పుటచే, పై వారెవరును కారను మీట, కాగితపు పత్రములకు మారుగా వచ్చిన ఎలక్ట్రానిక్ ఓటు యంత్రముపై చేరెను. అదే కాలమున రాజ్యసభ ఎన్నికలలో శాసనసభ్యులు తమ ఓటును పార్టీ ఏజెంటునకు చూపవలెనను 2003 నాటి సవరణయు అమలులో నున్నది. ఈ రెంటికి వైరుధ్యము లేదు. ప్రజల తరఫున వేయు ఓటు ప్రజలెరుగవలసినది. ప్రజ తనకై వేసికొను ఓటు తనదే. మిల్లు వాదము చెల్లవలసిన చోటు శాసనసభ్యుని విషయమున మాత్రమే.

అయితే క్రొత్త యంత్రము పాత భయమును వేరొక రూపమున తిరిగి తెచ్చెను. కాగితపు పత్రముల కాలమున, బెదరింపులు జరుగునని తోచినచోట పలు బూతుల పత్రములను ఒక్కచోట కలిపి లెక్కించు అధికారము ఎన్నికల సంఘమునకుండెను. నేడు ప్రతి యంత్రమును వేరువేరుగా లెక్కించుటచే, వేయిమందికి కొంచె మెక్కువతక్కువగా నుండు ఒక్కొక్క బూతున ఎవరికెన్ని పడినవో ఏజెంట్లు అచ్చటనే వ్రాసికొందురు. ఒక మనుష్యుని ఓటు తెలియదు, నిజమే. ఒక తండా, ఒక దళితవాడ, ఒక గూడెము ఓటు తెలియును. మంచినీటి కుళాయి, రోడ్డు, ఇండ్ల మంజూరు ఆ లెక్కను బట్టి నడచునను భీతి గ్రామములలో నున్నది. పదునాలుగు బూతుల యంత్రములను కలిపి మొత్తము మాత్రమే చూపు టోటలైజరు అను పరికరమును ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించెను. న్యాయ కమిషను 2015లో తన 255వ నివేదికయందు దానిని బలపరచెను. కేంద్ర ప్రభుత్వము సమ్మతింపలేదు. బూతువారీ లెక్క తెలిసిన గాని పార్టీలు తమ పనిని సరిదిద్దుకొనలేవని దానికి ఎదురు చెప్పువారి వాదము. వేల్స్ భూస్వాములకు ఓటు పుస్తకము కూడ అటులనే ఉపయోగపడినది.

ఎన్నికల నిర్వహణ నిబంధనలలో దీనికి వలయు మార్పు స్వల్పము. ప్రభుత్వము ఆ పరికరమును వెంటనే అమలులోనికి తేవలెననియు, అందుకై పార్టీలను ప్రతి ఓటరు నిలదీసి అడుగవలెననియు పాఠకులకు నా మనవి.