ఫిరంగి యచ్చు – కళాయి కుంపటి

ఈ మహాసభకై విచ్చేయు సోదరులలో పలువురు నాంపల్లి స్టేషనున దిగి ఆబిడ్సు మీదుగా పోవుదురు. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కొలువున నుండిన ఆల్బర్టు ఆబిదు అంగడిని బట్టి ఆ చోటికి ఆ పేరు కలిగెను; స్టేషను 1907లో వెలసెను. ఇవి యెల్ల రెఱిగినవే. వీనికి పూర్వమే ఈ నేలపై లోహము కరగిన చరిత్ర యొకటి కలదు. మన వృత్తికి సంబంధించినది గావున దానినే యిచ్చట వ్రాయుచున్నాము.

ఫతేమైదానము చెంత 'తోప్ కా సాంచా' యను శిథిలమైన కట్టడము నేటికిని నున్నది. నిజాం అలీఖాను కాలమున, 1786లో, ఫ్రెంచి సేనాని రేమండు దానిని కట్టించి ఫిరంగులను గుండ్లను పోతపోయించెను. ప్రజ లాతనిని మూసారాముడనిరి. మూసారాంబాగు ఆ పేరే. 1798లో ఆతడు చనిపోయెను. ఆ యేటనే ఆంగ్లేయులు ఫ్రెంచిదళమును విచ్ఛిన్నము గావించిరి. సేనాని పేరు పేట కెక్కినది. రసమును పోసిన చేతుల పేరులు చరిత్ర కెక్కలేదు. మనవారే పోసిరని ఆధారము లేక చాటుకొనుట మా కిష్టము లేదు. పనిని గూర్చి మాత్రము చెప్పగలము.

కరగిన లోహము తన్ను తాకిన వస్తువును తడుపునా, తడుపదా? పోతపని కిదియే కీలకము. తామరాకుపై నీటిబొట్టు దొరలును. తోమిన ఇత్తడి పళ్లెముపై అదే నీరు పఱచుకొనును. 1805లో తామస్ యంగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బొట్టు అంచున నేర్పడు కోణమును బట్టి దీనిని వివరించెను. కంచురసము మట్టిని తడుపదు. కావుననే పోత చల్లారిన పిదప అచ్చు విడివడును. కళాయిపని దీనికి మారు. అచ్చట తగరము రాగిని తడిపి తీరవలెను.

తగరము 232 డిగ్రీలకే కరగును. రాగికి 1085 డిగ్రీలు కావలెను. అయినను కాగిన రాగిపై ఉత్త తగరము వేసినచో గోలీలై దొరలునే గాని యంటదు. ఏలన, వేడికి రాగి గాలిలోని ప్రాణవాయువును గ్రహించి నల్లని పొర దాల్చును. తగరమునకును అట్టి పొర యొకటి కలుగును. రెండు లోహముల నడుమ రెండు తెరలన్నమాట. నవాసాగరము చల్లగనే అది వేడికి విడిపోయి అమ్మోనియా, హైడ్రోజను క్లోరైడు అను వాయువులగును. ఈ రెండవది ఆ పొరను తినివేయును. తెల్లని పొగ లేచును. ఆ క్షణముననే దూదితో తగరమును రుద్దవలెను. ఆలసించిన పొర మరల కమ్మును. సరిహద్దున ఆఱు రాగి పరమాణువుల కయిదు తగరపు పరమాణువులు చేరి క్రొత్త సంయోగ మేర్పడును. అందుచేతనే గోరితో గీకినను కళాయి లేవదు. ఈ పనివారిలో ముసల్మాను సోదరులు పెక్కుండ్రు. కంచరి చేసిన గిన్నె వారి కుంపటి దాటినగాని వంటింట చేరెడిది కాదు.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో 1930లో నెలకొన్న ప్రదర్శనశాలయందు బిదరీ పాత్రలు కలవు. వానిలో యశదమే అధికము, రాగి స్వల్పము. కరగిన యశదము గాలి సోకి త్వరగా భస్మమగును గాన మూసలో గుగ్గిలమును మైనమును వేసి కాపాడుదురు. వెండి పొదిగిన పిదప బీదరుకోట మట్టిలో నవాసాగరము కలిపి పూయగా లోహము నల్లబడును, వెండి తెల్లగనే నిలుచును. రాగిపై నలుపును పోగొట్టిన ద్రవ్యమే యిచ్చట నలుపును తెచ్చుట చిత్రము గదా!

ఇక సీసము మాట. తగరము ప్రియము, సీసము చవుక. సీసము కలిసిన తగరము 183 డిగ్రీలకే కరగ నారంభించును, సులభముగ పాఱును, కంటికి మెఱయును. చింతపండు పులుసు దానిని కొంచెము కొంచెముగ కరగించి విషమును కడుపున చేర్చును. మా బాల్యమున మా యింటి గుండిగకు ఒకడట్టి కళాయియే పెట్టెను. మా తాతగారు తెల్లకాగితముతో రుద్ది, నల్లగీత పడుట చూచి, గుండిగను వంటింటికి రానీయలేదు.

స్టెయిన్‌లెస్ స్టీలును అల్యూమినియమును వచ్చిన పిదప కుంపట్లు చాలవఱకు చల్లారినవి. నేడు మరల రాగిగిన్నెలు కొన్నవారు కళాయివానిని వెదకుచున్నారు. నవాసాగరము చల్లవలసిన క్షణమును కంటితో పోల్చగల వృద్ధులు మనలోను వారిలోను ఇంకను గలరు. వారి మాటలు వ్రాసికొనుటకు సంఘమువా రొక పుస్తకము తెఱచినచో, తాతగారి కాగితపు పరీక్షను మొదటి పుటలో మేమే వ్రాయుదుము.