కన్నం లేని కన్నపుదొంగ

మట్టిగోడల కాలంలో దొంగ తలుపు జోలికి పోకుండా పెరటి గోడ తవ్వి దూరేవాడు. కన్నం వెయ్యడమంటే అదే. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు ఈ పనిని ఒక శాస్త్రంలా చేస్తాడు. కొలతాడు మర్చిపోయి జంధ్యంతో గోడ కొలుచుకుంటాడు!

ఇంగ్లీషువాళ్ళ పాత న్యాయంలో ఈ నేరానికి షరతులెక్కువ. పరాయి వాళ్ళు కాపురముండే ఇల్లు కావాలి. పగలగొట్టో, తెరిచో లోపలికి వెళ్ళాలి. పెద్ద నేరం చేసే ఉద్దేశం ఉండాలి. పైగా రాత్రి కావాలి. రాత్రంటే మనిషి ముఖం పోల్చుకోలేనంత చీకటి. వెన్నెల లెక్కలోకి రాదు. బార్లా తీసున్న తలుపులోంచి వెళితే ఈ నేరం కాదు, గొళ్ళెం ఎత్తితే అవుతుంది.

1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్ 445వ సెక్షన్ ఆరు దారులు చెప్పింది. మొదటి ఉదాహరణ అచ్చంగా మన కన్నమే: గోడకి బొక్క చేసి చెయ్యి లోపల పెట్టడం. ఇంటివాళ్ళు పోగొట్టుకున్న తాళంచెవితో తలుపు తీసినా, కాపలావాణ్ణి కొడతానని బెదిరించి వెళ్ళినా అంతే. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 330వ సెక్షన్‌లోకి చేరింది.

ఇక మేముండే ప్లేనో సంగతి. టెక్సాస్ పీనల్ కోడ్ 30.02 సెక్షన్‌లో పగలగొట్టాలన్న షరతే లేదు, రాత్రి అన్న షరతూ లేదు. అనుమతి లేకుండా, దొంగతనమో దాడో చేసే ఉద్దేశంతో వేలు లోపల పెట్టినా, చేతిలో కర్ర దూర్చినా చాలు. కాపురముండే ఇల్లయితే మామూలుగా 2 నుంచి 20 ఏళ్ళ శిక్ష. ఉద్దేశం రుజువు కాకపోతే మాత్రం అది వట్టి అక్రమ ప్రవేశమే.

ఇక్కడే ఒక స్నేహితుడి ఇంట్లో, అందరూ ఆఫీసులకెళ్ళిన వేళ, ఎవరో పెరటి తలుపు అద్దం పగలగొట్టి దూరారు. అలారం మోగగానే పారిపోయారు. "ఏమీ పోలేదు కదరా, ఇంక కేసేమిటి?" అన్నారట ఊరి నుంచి వాళ్ళ బాబాయి. వాళ్ళావిడ మాత్రం నెల్లాళ్ళపాటు ఇంట్లో ఒక్కతే ఉండలేకపోయింది.

బాబాయిగారి ప్రశ్నకి జవాబు ఈ చరిత్రలోనే ఉందనిపిస్తుంది. దొంగతనం సొత్తు మీద నేరం. ఇది ఇంటి మీద, అందులో నిశ్చింతగా నిద్రపోయే హక్కు మీద నేరం. అందరూ ఇంట్లో ఉండే రోజుల్లో ఆ భయం రాత్రిది. పగలంతా ఇళ్ళు ఖాళీగా ఉండే ఈ ఊళ్ళలో దానికి వేళాపాళా లేదు. అందుకే చట్టం గోడనీ, గొళ్ళేన్నీ, చీకటినీ ఒక్కొక్కటిగా వదిలేసి గడప ఒక్కటే పట్టుకుంది.