కొత్త పిన్‌బాల్ యంత్రాలు: తరుగుదల, సెకండ్‌హ్యాండ్ ధర

ఇంట్లో ఆడుకోవడానికి కొత్త పిన్‌బాల్ యంత్రం కొన్నవారికి తిరిగి అమ్మినప్పుడు ఎంత వస్తుందన్నది యంత్రం వయసు కంటే, కంపెనీ ఆ మోడల్‌ను ఇంకా తయారుచేస్తోందా లేదా అన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలుతుంది. కొత్తది దొరుకుతున్నంత కాలం వాడినదానికి అంతకంటే తక్కువే పలుకుతుంది. తయారీ ఆగిపోయాక కూడా ఆడేవాళ్ల ఆదరణ ఉంటే ధర నిలదొక్కుకుంటుంది. ఒక్కోసారి కొన్న ధరనూ దాటుతుంది.

షికాగో ప్రాంతానికి చెందిన స్టెర్న్ పిన్‌బాల్ ఈ రంగంలో అతిపెద్ద సంస్థ. అది తన ఆటలను సాధారణంగా ప్రో, ప్రీమియం, లిమిటెడ్ ఎడిషన్ అనే మూడు రకాలుగా అమ్ముతుంది. 2024లో వచ్చిన ‘జాస్’ ధరలు వరుసగా 6,999, 9,699, 12,999 డాలర్లు. మొదటి రెండు రకాలకు సంఖ్యా పరిమితి లేదు. గిరాకీ ఉంటే ఏళ్ల తర్వాత కూడా మళ్లీ తయారవుతాయి. లిమిటెడ్ ఎడిషన్ మాత్రం 1,000 యంత్రాలతో సరి. అయితే వరుస సంఖ్య చెక్కిన పలక ఉన్నంత మాత్రాన విలువ నిలవదు. ఆట నచ్చకపోతే ఆ వెయ్యీ ఎక్కువే. 1992 నాటి ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ 20,270 తయారైనా, దానికి నేటికీ గిరాకీ ఉంది.

పాత ఆటలను మళ్లీ తయారుచేయడం మొదలయ్యాక ఈ లెక్కలు తారుమారయ్యాయి. విలియమ్స్ సంస్థ 1997లో తెచ్చిన ‘మెడీవల్ మ్యాడ్‌నెస్’ సుమారు 4,000 మాత్రమే తయారైంది. 1999లో ఆ సంస్థ పిన్‌బాల్ విభాగాన్నే మూసేయడంతో దాని ధర చుక్కలనంటింది. తర్వాత షికాగో గేమింగ్ కంపెనీ అదే ఆటను కొత్తగా తయారుచేయగానే పాతవాటి ధర దిగివచ్చింది. కరోనా కాలంలో జనం ఇళ్లకే పరిమితమైనప్పుడు పెరిగిన ధరలు కూడా ఆ తర్వాత తగ్గాయి. ఆ రోజుల్లో ఎక్కువ పెట్టి కొన్నవారికి నష్టం తప్పలేదు.

యంత్రం స్థితిని చెప్పేది ప్లేఫీల్డ్, అంటే బంతి దొర్లే చెక్కపలక. 80 గ్రాముల ఉక్కుబంతి ర్యాంపు మీది నుంచి పడ్డ ప్రతిచోటా వార్నిష్ పూతలో చిన్న సొట్ట పడుతుంది. ఇది అన్ని యంత్రాల్లోనూ ఉండేదే, దీనివల్ల విలువ తగ్గదు. కానీ బంతి దూరే గుంతల అంచుల్లో పెచ్చులూడి చెక్క కనిపిస్తే కొనేవారు గట్టిగా బేరమాడతారు. గీతలు పడ్డ బంతి ఉప్పుకాగితంలా పూతను అరగదీస్తుంది కనుక, బంతులు మార్చి మైనం పూస్తూ ఉండటమే చవకైన రక్షణ. ఎన్ని ఆటలు ఆడారో యంత్రంలోని ఆడిట్ మెనూ చూపిస్తుంది, కాని ఆ లెక్కను చెరిపేసే వీలుంది.

ఈ యంత్రం బరువు 110 కిలోలకు పైనే. దూరప్రాంతానికి అమ్మితే రవాణా ఖర్చు కూడా లాభనష్టాల్లో చేరుతుంది. ఆడటం కోసమే కొనేవారికి అన్ని విధాలా నయం ప్రో రకమే. ధర తక్కువ కాబట్టి పోయే డబ్బూ తక్కువే. వాడినది కొనేటప్పుడు మాత్రం పై అద్దం తీయించి, దీపం పట్టి ప్లేఫీల్డ్‌ను చూశాకే డబ్బు ఇవ్వాలి.